గుంటూరు–చెన్నై మిర్చి కిరాయి: టన్నుకా, బండికా?

టిక్కీ లెక్క:
గుంటూరు నుంచి చెన్నై పోర్టు పక్క సీఎఫ్ఎస్‌కి (ఎగుమతి సరుకు కంటైనర్లలోకి ఎక్కించే చోటు) మిర్చి పంపే మాలాంటి వాళ్ళంతా ఇన్నాళ్ళూ టన్ను లెక్కనే కట్టాం. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్ వైపు లారీ ఓనర్లు "బండికి 40 వేలు, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకుంటారో మీ ఇష్టం" అంటున్నారు. లెక్క కోసం టన్ను 2,800 అనుకోండి. క్వింటా 20 వేలున్న రోజుల్లో సరుకు విలువలో కిరాయి 1.4 శాతం. ధర పడిపోయాక 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ పెట్టి క్వింటాకు 11,781 రూపాయలు ఖాయం చేసింది. ఆ ధర మీద అదే 2,800 దాదాపు 2.4 శాతం. కిరాయి రూపాయి పెరక్కుండానే భారం ఒకటిన్నర రెట్లు దాటింది. ఇలాంటప్పుడు బండి లెక్క అడగడం ఏం న్యాయం? వేబ్రిడ్జి చీటీ ఉంది, టన్నులు ఉన్నాయి, గుణించుకుంటే సరిపోతుంది.

పది టైర్లు:
సరుకు ధర పడితే డీజిల్ ధర పడిందా అన్నా? మిర్చి క్వింటా 20 వేలైనా 11 వేలైనా బండి తాగేది అదే డీజిల్. 20 వేలున్నప్పుడు కిరాయి పెంచి ఇచ్చారా?
లెక్క నేనూ చెప్తా. నాది పది టైర్ల బండి, గుంటూరు నుంచి చెన్నై 410 కిలోమీటర్లు, పోను రాను 820. లోడుతో లీటరుకు నాలుగుంపావు, ఖాళీగా ఐదున్నర. మొత్తం 171 లీటర్లు. లీటరు 97 వేసుకుంటే 16,600. టోల్ రెండు వైపులా 5,200. బత్తా, దారి ఖర్చు 4,000. టైర్లు పదీ 2 లక్షల 20 వేలు, 80 వేల కిలోమీటర్లు తిరుగుతాయనుకుంటే కిలోమీటరుకు 2.75, ట్రిప్పుకు 2,250. కిస్తీ, ఇన్సూరెన్సు, ట్యాక్సు, డ్రైవర్ జీతం కలిపి నెలకు 96 వేలు. 24 రోజులు తిరిగితే రోజుకు 4 వేలు, మూడు రోజులకు 12 వేలు. కూడండి. 40 వేలు దాటుతుంది. ఇందులో నాకు లాభం అనే గీత ఎక్కడుందో చూపించండి.

కాజా దాటాక:
టోల్ 5,200లో గుంటూరు–విజయవాడ మధ్య ఉన్న కాజా గేటు కలిపారా? గుంటూరు మిర్చి యార్డు నుంచి చిలకలూరిపేట మీదుగా చెన్నై వెళ్ళే బండికి కాజా తగలదు. మొదటి గేటు బొల్లాపల్లి.

పది టైర్లు:
బండి ఆటోనగర్‌లో ఉంటుంది. లోడుకి గుంటూరు ఖాళీగా రావాలి. కాజా తగులుతుంది.

కాజా దాటాక:
అది మీ బండి గుంటూరులో లేకపోవడం వల్ల వచ్చిన ఖర్చు. సరుకు వాళ్ళ మీద వేయడం ఎందుకు?

టిక్కీ లెక్క:
పాయింటు. ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, టైర్ల మీద కూడా. మీ లెక్కలో ఆ తగ్గుదల ఎక్కడా కనపడలా.

పది టైర్లు:
నా బండి 2022 మోడల్. దిగిన జీఎస్టీ నాకెట్టా వస్తుంది, కిస్తీ పాత ధర మీదే కడుతున్నాగా. కొత్తది కొందామంటే 2025 అక్టోబర్ 1 తర్వాత తయారైన పెద్ద బళ్ళకి క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి. డ్రైవర్‌కి మంచిదే, కాదన్ను. దాని ధర కూడా బండి ధరలోనే పడుతుందిగా.

యార్డు వెనక వీధి:
అసలు టన్నుల దగ్గరే తేడా. పది టైర్ల బండికి ఎన్ని టిక్కీలు? ముందు అది తేల్చండి.

టిక్కీ లెక్క:
350 వేస్తాం. టిక్కీ 43 కిలోలు, మొత్తం 15 టన్నులు. 2,800 చొప్పున 42 వేలు. మీరడిగే 40 కంటే టన్ను లెక్కలోనే 2 వేలు ఎక్కువ. గొడవెందుకో నాకర్థం కావట్లా.

పది టైర్లు:
350 కాగితం మీద ఎక్కుతాయి. టేపు తీసుకుని టిక్కీ కొలవండి. పొడవు మూడడుగులు, వెడల్పు రెండు, మందం అడుగుంపావు. ఏడున్నర ఘనపుటడుగులు. నా బాడీ 24 అడుగులు బై 8. నేల నుంచి ఎత్తు 4 మీటర్లు దాటకూడదు, ఫ్లోరే నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది, అంటే పైన మిగిలేది ఎనిమిదిన్నర. లెక్కకి వచ్చేవి 217 టిక్కీలు. హమాలీలు తొక్కి, అడుగు వరసలు అణిగితే 280. అంతకంటే వేస్తే పట్టా కప్పడానికి లేదు, తాడు బిగించినా వరస పక్కకి ఒరుగుతుంది. 280 అంటే 12 టన్నులు. 2,800 చొప్పున 33,700. బండి 18 టన్నులు లాగగలదు, మిర్చి గాలి సరుకు, ఎత్తు నిండుతుందిగానీ బరువు నిండదు. అందుకే బండి లెక్క అడిగేది.

టిక్కీ లెక్క:
ప్రెస్ గట్టిగా కొట్టిన తేజ రకం టిక్కీ మందం అడుగే ఉంటుంది. 350 మా దగ్గర రోజూ ఎక్కుతున్నాయి.

పది టైర్లు:
ఎక్కేవి మీ దగ్గర, దారిలో పట్టుబడేది మేము. ఎత్తు కేసు రాస్తే ఎవరి మీద రాస్తారు?

32 అడుగులు:
ఇద్దరూ ఓపెన్ బాడీ దగ్గరే ఆగిపోయారు. 32 అడుగుల మూసిన కంటైనర్ బండి చూడండి. లోపల 32 బై 8 బై 9, సుమారు 2,300 ఘనపుటడుగులు. పైన చెప్పిన కొలతకే 300 టిక్కీలు, తొక్కకుండా 13 టన్నులు. పట్టా లేదు, తడవడం లేదు. పైగా చెన్నై నుంచి తిరుగు లోడు దొరుకుతుంది. శ్రీసిటీ, శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీల నుంచి ఏసీలు, ఫ్రిజ్‌లు, ఎలక్ట్రానిక్స్ విజయవాడ, హైదరాబాద్ వైపు వస్తున్నాయి. అవన్నీ మూసిన బళ్ళకే ఇస్తారు. ఓపెన్ లారీకి తిరుగు లోడంటే ఇనుము, పైపులు, అదీ దొరికితే. తిరుగు లోడు పోవడమే ఓపెన్ బాడీ ఓనర్ల అసలు దెబ్బ.

యార్డు వెనక వీధి:
వెనక తలుపు నుంచి ఒక్కో టిక్కీ కొక్కెంతో లోపలికి లాక్కెళ్ళాలి. హమాలీ రేటు అడిగారా ఎప్పుడైనా? ఓపెన్ బండికి గంటన్నరలో అయ్యేది దీనికి మూడు గంటలు.

32 అడుగులు:
నిజమే. ఎండాకాలం లోపల వేడి కూడా. తేమ 11 శాతం దాటిన సరుకు పొద్దున ఎక్కించి మధ్యాహ్నం ఎండలో నిలబెడితే తలుపు తీసేసరికి పైకప్పు కింద చెమట పట్టి ఉంటుంది. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన టిక్కీని ఒక పూట బయట ఆరనిచ్చి ఎక్కించాలి.

రైలు పిచ్చి:
ఇదంతా ఎందుకు, రైలు ఉందిగా. 2020 జులైలో గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కి పార్సిల్ రైలు వేశారు. 384 టన్నుల ఎండుమిర్చి, టన్ను 4,608 పడింది, రోడ్డు మీద 7,000 అన్నారు అప్పట్లో.

ఎగుమతి కాగితాలు:
అది బంగ్లాదేశ్ దూరానికి. గూడ్సు రేకు (మొత్తం రైలు) అంటే కనీసం 1,500 టన్నులు ఒకేసారి పోగెయ్యాలి, పార్సిల్ రైలుకి 500 లోపు చాలు కాబట్టి అది కుదిరింది. చెన్నై 410 కిలోమీటర్లే. రెడ్డిపాలెంలో ఎక్కించడం, అక్కడ దించడం, మళ్ళీ సీఎఫ్ఎస్‌కి లారీ. రెండుసార్లు హమాలీ, రెండుసార్లు కొక్కెం పోటు, కాయ విరిగి పొడి రాలడం. ఈ దూరానికి రైలు గిట్టదు. కృష్ణపట్నం పోర్టు అయితే 270 కిలోమీటర్లే, 2024 మొదట్లో అక్కడ కంటైనర్ ఓడలు ఆగిపోయాక ఆ దారీ మూసుకుంది. బందరు పోర్టు సంగతి అది పూర్తయ్యాక మాట్లాడుకుందాం.
టిక్కీ లెక్క గారికి ఒక మాట. 2023 చివర ఎర్రసముద్రం గొడవ మొదలై యూరప్ ఓడలు ఆఫ్రికా చుట్టి పోవడం మొదలెట్టాక ఖాళీ కంటైనర్లు (పెట్టెలు) సమయానికి అందడం తగ్గింది. మన మిర్చి ఎక్కువగా చైనా వైపు పోతుంది, ఆ దారిలో ఎర్రసముద్రం లేదు, అయినా పెట్టె కొరత మనకీ తగిలింది. పెట్టె రాకపోతే మీ లారీ సీఎఫ్ఎస్ గేటు బయటే నిలబడుతుంది. ఆ నిలబడిన రోజులు మీ లెక్కలోనూ లేవు, పది టైర్ల గారి లెక్కలోనూ సరిగా లేవు.

పది టైర్లు:
మూడు రోజులు వేశాగా.

ఎగుమతి కాగితాలు:
మూడు రోజులంటే వెళ్ళిన వెంటనే దించితే. ఐదైతే?

పది టైర్లు:
8 వేలు పోతాయి. టోల్ కూడా పోతుంది. 24 గంటల్లో తిరిగొస్తే గేటుకి ఒకటిన్నర రెట్లే, దాటితే రెండు వైపులా పూర్తి. సూళ్ళూరుపేట గేటు చెన్నైకి దగ్గర, పొద్దున దించితే రాత్రికి ఆ రాయితీ దక్కుతుంది. ఒక రాత్రి బయట నిలబెడితే అదీ పోయింది. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ ఈ-వే బిల్లు కూడా అంతే. రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన 410కి మూడు రోజులు. నిలబెట్టి అది అయిపోతే పొడిగించుకోవడానికి గడువుకి ముందు 8 గంటలు, తర్వాత 8 గంటలే. ఆ టైములో గుంటూరు ఆఫీసులో ఫోన్ ఎత్తరు.

టిక్కీ లెక్క:
ఫోన్ ఎత్తరు అంటే ఎవరి గురించి?

పది టైర్లు:
భుజాలు తడుముకోకండి. ఒక గోడౌన్ ముందు నాలుగు రోజులు నిలబెట్టి హాల్టింగ్ (నిలబెట్టిన రోజుల డబ్బు) అడిగితే "టన్ను రేటులోనే ఉంది" అన్నారు. ఆ రోజు నుంచే బండి లెక్క.

టిక్కీ లెక్క:
అంటే ఇది రేటు గొడవ కాదు, కక్ష. ఎవరో చేసినదానికి అందరి దగ్గరా 40 వేలు గుంజుతారా?

పది టైర్లు:
గుంజడం అనే మాట వెనక్కి తీసుకోండి. మూడు నెలలు బ్యాలెన్స్ ఆపేది ఎవరు? బ్రోకర్ ఆఫీసు ద్వారా వేస్తే 80 శాతం అడ్వాన్సు, సరుకు ముట్టిన రసీదు తిరిగొచ్చాక మిగతాది. నేరుగా కాంట్రాక్టు అని పిలిచి 90 రోజుల అప్పు పెడతారు. నా డీజిల్ బంకు 90 రోజులు ఆగుతుందా?

కాజా దాటాక:
ఇప్పుడు విషయానికొచ్చారు.

ఆడిటర్ గుమాస్తా:
90 రోజుల అప్పు గురించి. ఓనర్ ఉద్యమ్‌లో (చిన్న సంస్థల రిజిస్ట్రేషన్) మైక్రో లేదా స్మాల్ కింద సర్వీసుగా నమోదై ఉంటే, ఆదాయపు పన్నులో చిన్న సంస్థల బాకీల నిబంధన (1961 చట్టంలో సెక్షన్ 43బీ(హెచ్)) వర్తిస్తుంది. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చింది. కిరాయి కట్టడానికి గడువు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల వరకు, లేకపోతే 15 రోజులు. ఆ గడువు దాటి మార్చి 31కి బాకీ మిగిలితే ఆ కిరాయి ఆ ఏడాది ఖర్చు కింద తీసుకోనివ్వదు, కట్టిన ఏడాదిలోనే. ఎగుమతిదారుకి 90 రోజులు ఆపడంలో లాభం లేదు, పన్ను రూపంలో తిరిగి కట్టాలి. ఓనర్లు రసీదు మీద ఉద్యమ్ నంబర్ వేయట్లేదు, అసలు లోపం అక్కడ. బళ్ళు పది దాటకపోతే పాన్‌తో డిక్లరేషన్ ఇవ్వండి, టీడీఎస్ కూడా కోయరు.

పది టైర్లు:
ఉద్యమ్ ఉంది. రసీదు మీద వేయలేదు. అది నా తప్పే.

టిక్కీ లెక్క:
45 రోజులకి మా ఆఫీసుని ఒప్పించగలను. నిలుపుదల మాత్రం మా చేతిలో లేదు. పెట్టె రావడం షిప్పింగ్ లైను చేతిలో ఉంది.

ఎగుమతి కాగితాలు:
మీ చేతిలో లేనిది ఓనర్ చేతిలో ఉందా? పెట్టె నంబర్ ఖాయమయ్యాక బండి కదిలిస్తే సగం నిలుపుదల పోతుంది. బుకింగ్ చేతికి రాకుండా యార్డు ధర బాగుందని టిక్కీలు కొని బండి ఎక్కించేసి, చెన్నైలో లారీనే గోడౌన్‌గా వాడుకుంటున్నారు. అదీ జరిగేది. ఈ-వే బిల్లు కూడా లోడు మొదలవగానే తీసేస్తారు. దాని గడువు అర్ధరాత్రి లెక్కన మారుతుంది కాబట్టి, లోడు రాత్రి 12 దాటేదైతే ఆఖరి టిక్కీ ఎక్కి పట్టా కట్టాక తీస్తే ఒక రోజు మిగులుతుంది.

టిక్కీ లెక్క:
లారీ గోడౌన్ మాట కొంచెం నిజం. సరే, టన్ను లెక్కే ఉంచుదాం, కనీస గ్యారంటీ 13 టన్నులు. తక్కువ ఎక్కినా 13కే కడతాం. గేటు దగ్గర రిపోర్టు చేసిన 24 గంటల తర్వాత హాల్టింగ్ రోజుకు 2,500.

పది టైర్లు:
గ్యారంటీ 14. హాల్టింగ్ 4,000, ఎందుకో పైన లెక్క ఉంది. రిపోర్టు టైము గేటు వాడు రసీదు మీద రాసి ముద్ర వేయాలి, డ్రైవర్ మాట చెల్లదంటారు మళ్ళీ.

టిక్కీ లెక్క:
గేటు ముద్ర సరే. 14 మాత్రం కుదరదు, మీరే 280 అంటిరి, అది 12.

పది టైర్లు:
మీరు 350 అంటిరిగా, అది 15. మీ టిక్కీ మీద మీకు నమ్మకముంటే 14 ఒప్పుకోడానికి ఏమైంది?

యార్డు వెనక వీధి:
😂

టిక్కీ లెక్క:
రేపు లోడుంది. టేపు తీసుకురండి, ఎత్తు కొలుద్దాం.

కాజా దాటాక:
వచ్చేటప్పుడు కాజా టోల్ ఎవరిది?