లైవ్‌లో నా గొంతే చెవిలో తిరిగొస్తోంది, ఏం చేయాలి?

కొత్త రిపోర్టర్:
బ్యాక్‌ప్యాక్ యూనిట్‌తో (మొబైల్ సిమ్‌ల మీద వీడియో పంపే సంచితో) లైవ్ ఇస్తుంటే నా మాటే సెకను, రెండు సెకన్లు ఆలస్యంగా ఇయర్‌పీస్‌లో వినిపించి తడబాటు వస్తోంది. తీసేస్తే యాంకర్ ప్రశ్న వినపడదు. పైగా ప్రశ్న చేరేదాకా స్క్రీన్ మీద దిక్కులు చూస్తున్నట్టు కనిపిస్తుంది. దీనికి మందేంటండీ?

పీసీఆర్ గొంతు:
లోపం మీ దగ్గర కాదు, స్టూడియో ఆడియో డెస్క్ దగ్గర. మీకు రావాల్సింది మిక్స్ మైనస్, అంటే ప్రోగ్రామ్ సౌండ్‌లోంచి మీ గొంతొక్కటీ తీసేసిన ఫీడ్. మొత్తం ప్రోగ్రామ్ కలిపేస్తే ఇలాగే అవుతుంది. ఆలస్యంగా వచ్చే సొంత మాట వింటూ ధాటిగా మాట్లాడటం చాలామందికి సాధ్యం కాదు. లైవ్‌కి ముందు చేసే లైన్ చెక్‌లో "ఒకటి, రెండు, మూడు" అని ఆగి వినండి. మీ "మూడు" మీకే వినపడితే అప్పుడే చెప్పేయండి, ఎయిర్ మీదికెళ్లాక ఎవరికీ తీరికుండదు. ఇద్దరు రిపోర్టర్లు ఒకేసారి లైవ్‌లో ఉంటే ఎవరి మిక్స్ మైనస్ వాళ్లకుండాలి. ఇద్దరి గొంతులూ తీసేసిన ఒకే ఫీడ్ పంచితే ఒకరి మాట ఒకరికి వినపడదు.

కెమెరా వెనక:
ఇక దిక్కులు చూడటం సంగతి. డిష్ వ్యాన్‌తో లైవ్ ఇచ్చినా ఆలస్యం తప్పదు: టీవీ శాటిలైట్ ఉండేది 35,786 కి.మీ. ఎత్తున, సిగ్నల్ పైకెళ్లి దిగడానికే దాదాపు పావు సెకను. బ్యాక్‌ప్యాక్‌లో సాధారణంగా ఇంకా ఎక్కువ, ఎందుకంటే రకరకాల సిమ్‌ల మీద ముక్కలుగా వెళ్లిన వీడియోని అవతల వరసగా పేర్చాలి. అలా పేర్చడానికి ఆగే ఆ కాస్త వ్యవధిని, అంటే బఫర్‌ని, తగ్గిస్తే మాటలు చురుగ్గా నడుస్తాయి, బొమ్మ మాత్రం గళ్లుగళ్లుగా విరుగుతుంది. ప్రశ్న వస్తున్నంతసేపూ చూపు లెన్స్ మీదే ఉంచండి, చివరి మాట చెవిన పడగానే నేరుగా జవాబులోకి వెళ్లండి. యాంకర్‌ని మధ్యలో "ఊ" కొట్టొద్దనండి. ఆ "ఊ" ఆలస్యంగా చేరి మీరు ఆగుతారు, మీరాగారని అటు ఇంకో ప్రశ్న మొదలవుతుంది, ఇక ఇద్దరి మాటలూ ఢీకొంటాయి.

నాలుగు సిమ్‌లు:
అసలు గండం జనం గుమిగూడిన చోట. అందరూ వీడియోలు పెడుతుంటే అప్‌లోడ్ చితికిపోతుంది, కాబట్టి డౌన్‌లోడ్ స్పీడ్ చూసి మురిసిపోకండి. సిమ్‌లన్నీ ఒకే కంపెనీవైతే ఎన్ని వేసినా పెద్ద లాభం లేదు. సిగ్నల్ కోసం వీలైతే మేడెక్కండి. బిట్‌రేట్ (సెకనుకి వెళ్లే డేటా) పడిపోతుంటే కెమెరాని ట్రైపాడ్ మీద కదలకుండా ఉంచి, వెనక కదిలే జనం, ఊగే ఆకులు లేని ఫ్రేమ్ పెట్టండి. కదలిక ఎంత ఎక్కువైతే వీడియోని కుదించి పంపే ఎన్‌కోడర్‌కి అంత డేటా కావాలి. అదీ కుదరకపోతే 20 సెకన్ల పీటూసీ (కెమెరా వైపు చూసి చెప్పే ముక్క) రికార్డు చేసి ఫైల్‌గా పంపేసి, ఫోనో ఇచ్చేయండి, అంటే ఫోన్‌లో మాటతోనే లైవ్. మొండిగా లైవ్ కోసం పట్టుబట్టి బ్లాక్ ఫ్రేమ్ చూపించడం కంటే అదే నయం.

కొత్త రిపోర్టర్:
గోల ఎక్కువున్న చోట రెండు చెవులకూ పెట్టుకోవచ్చా?

పీసీఆర్ గొంతు:
వద్దండీ, ఒక్క చెవికే. చెవి కొలతకి అచ్చు పోయించిన ఇయర్‌పీస్ అయితే బయటి చప్పుడు చాలావరకు ఆగుతుంది, వాల్యూమ్ పెంచే అవసరం రాదు. రెండో చెవి ఖాళీగా ఉండాలి. లెన్స్ వైపు తిరిగి నిలబడినప్పుడు వెనకనుంచి వచ్చే బండి కనపడదు, వినపడాలి.