యూరప్ బ్యాండ్ మొదటి ఆల్బమే అసలు యూరప్ అంటే ఒప్పుకుంటారా?

పాతటేపు:
యూరప్ అనగానే అందరికీ టక్కున గుర్తొచ్చేది 'ది ఫైనల్ కౌంట్‌డౌన్' పాట మొదట్లో వచ్చే ఆ కీబోర్డు బిట్టే. మా కాలేజీ ఫెస్టులో వాయించే బ్యాండుకి ఇంకేం రాకపోయినా అది మాత్రం వచ్చేది. నా గొడవ అదే. 1983లో బ్యాండ్ పేరునే టైటిల్‌గా పెట్టి ఒక ఆల్బమ్ తెచ్చారు, తొమ్మిది పాటలు. అదే అసలు యూరప్ అంటాను నేను. అందులో గిటార్ ముందు నడుస్తుంది, మిగతావన్నీ దాని వెనక వస్తాయి. 1986లో 'ది ఫైనల్ కౌంట్‌డౌన్' వచ్చేసరికి జాన్ నోరమ్ గిటార్ కూరలో కరివేపాకైపోయింది. ఆ ఏడాది చివర్లోనే ఆయన బ్యాండ్ వదిలేశాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కొత్తవాళ్ల కోసం: వీళ్లది స్టాక్‌హోమ్ పక్కనున్న ఉప్లాండ్స్ వేస్‌బీ. ముందు పేరు ఫోర్స్. 1982లో రాక్-ఎస్ఎమ్ అనే స్వీడన్ పోటీ గెలిచారు, బహుమతిగా రికార్డింగ్ ఛాన్స్ దొరికింది. అలా వచ్చిందే ఈ ఆల్బమ్. పాడిన జోయి టెంపెస్ట్‌కి అప్పటికి 19 ఏళ్లు.

కీబోర్డుకిట్టు:
కరివేపాకా! ఫైనల్ కౌంట్‌డౌన్‌లో ఆ గిటార్ సోలో ఎవరిది సార్? నోరమ్‌దే కదా. కీబోర్డు అయ్యాక వచ్చే ఆ సోలో తీసేసి ఒక్కసారి ఊహించుకోండి, పాట సగం ఖాళీ.

ఇంకో మాట. మొదటి ఆల్బమ్‌లో కీబోర్డు లేదన్నట్టు మాట్లాడుతున్నారు. 'సెవెన్ డోర్స్ హోటల్' ఎలా మొదలవుతుందో మళ్లీ వినండి. ముందు పియానో ఒక్కటే వస్తుంది, నెమ్మదిగా, ఎవరూ లేని ఇంట్లో ఎవరో కూర్చుని వాయిస్తున్నట్టు. మనం అలా వింటుంటే గిటార్ ఒక్కసారిగా మీద పడుతుంది. తర్వాత కీబోర్డు వాయించిన మికేలీ అప్పటికి బ్యాండులోకి రానేలేదు, 1984లో వచ్చాడు. ఆ ఆల్బమ్‌లో కీబోర్డులు వాయించింది టెంపెస్టే. అంటే ఆ పిచ్చి మొదటి రోజు నుంచీ ఉంది.

పాతటేపు:
కిట్టూ, పియానో ఇంట్రో వేరు, పాట మొత్తాన్ని కీబోర్డు మీద నిలబెట్టడం వేరు. ఇంట్లో ఉప్పు ఉన్నంత మాత్రాన ప్రతిరోజూ ఉప్పుచేపే తింటామా?

స్టాక్‌హోమ్_సీతమ్మ:
నేను ఉండేది ఇక్కడే కాబట్టి ఒక మాట. లోకల్ ట్రైన్‌లో వేస్‌బీ దాటుతూ ఉంటాను. అపార్ట్‌మెంట్లు, స్టేషన్, ఒక షాపింగ్ సెంటర్, అంతే. ఇలాంటి ఊరి కుర్రాళ్లు ఇటాలియన్ దెయ్యం సినిమా చూసి పాట రాశారంటే నవ్వొస్తుంది. సెవెన్ డోర్స్ హోటల్ అనేది దర్శకుడు లూచో ఫుల్చీ 1981 సినిమాలోని హోటల్ పేరు, నరకానికి దారి మీద కట్టిన హోటలట. ఆ పాట జపాన్‌లో బాగా ఆడింది. స్వీడన్‌లో ఆల్బమ్ 8వ స్థానం దాకా వెళ్లింది. "ఫైనల్ కౌంట్‌డౌన్ లేకపోతే వీళ్లనెవరూ పట్టించుకునేవాళ్లు కాదు" అని అంటుంటారు కదా, అది మాత్రం నేను ఒప్పుకోను.

స్ట్రాట్‌బాబు:
గిటార్ వాయించేవాడిగా చెప్తున్నా. పాతటేపు అన్న చెప్పింది వినడానికి బాగుంది కానీ ఆల్బమ్ వింటే అంత గొప్పగా లేదు. సౌండ్ పలచన. డ్రమ్స్ రేకు డబ్బా మీద కొట్టినట్టున్నాయి. కొన్ని పాటల్లో టెంపెస్ట్ గొంతు ఇంకా కుదురుకోలేదు, పై శ్రుతిలో లాగుతున్నాడని తెలిసిపోతుంది. 'సెవెన్ డోర్స్ హోటల్'ని 1985లో మళ్లీ రికార్డ్ చేశారంటే వాళ్లకీ మొదటిది తృప్తిగా లేదనేగా? (ఇది నా ఊహే, కొట్టకండి.)

ఒక్క 'బోయజాంట్' మాత్రం ఒప్పుకుంటా. పాటే లేదు, మొత్తం వాయిద్యమే. ఆల్బమ్‌లో టెంపెస్ట్ రాయనిది అదొక్కటే, నోరమ్, స్వీడన్ సంగీతకారుడు ఎడ్డీ మెడూజా కలిసి కట్టింది. నోరమ్ మీద ఐరిష్ గిటారిస్టు గ్యారీ మూర్ ప్రభావం ఎంతుందో అక్కడ దాచినా దాగదు. ఆ వేగం అందుకోలేక నేను రెండు తీగలు తెంపుకున్నా.

పాతటేపు:
చూశారా, మీ నోటితోనే వచ్చింది. నోరమ్‌ని వదిలేస్తే ఏం వస్తుందో చెప్పేది ఆ ట్రాకే.

కీబోర్డుకిట్టు:
అయ్యా, మిగతా ఎనిమిదీ టెంపెస్ట్‌వే కదా! బ్యాండ్ ఎవరిదో అక్కడే తేలిపోయింది. పైగా అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు. ఫైనల్ కౌంట్‌డౌన్ రిఫ్, అదే ఆ కీబోర్డు బిట్టు, 1986లో పుట్టింది కాదు. 1981-82 ప్రాంతంలో మికేలీ దగ్గర అరువు తెచ్చుకున్న కోర్గ్ పాలీసిక్స్ అనే సింథసైజర్ మీద టెంపెస్ట్ కట్టుకున్నాడు. అంటే మీరు "అసలు యూరప్" అంటున్న ఆల్బమ్ రికార్డ్ చేసేటప్పటికే అది ఆయన జేబులో ఉంది.

పాతటేపు:
ఇది నాకు తెలీదు. నిజంగా తెలీదు.

సరే, కానీ జేబులో ఉన్నా బయటికి తీయలేదుగా? రెండు ఆల్బమ్‌లు అది లేకుండానే గడిపారు. అప్పటి బ్యాండ్ గిటార్ వైపే ఉందని దాని అర్థం. నోరమ్ 2003లో తిరిగొచ్చాక చేసిన 'స్టార్ట్ ఫ్రమ్ ది డార్క్' వినండి, మళ్లీ గిటారే ముందుకొచ్చింది.

స్టాక్‌హోమ్_సీతమ్మ:
ఫైనల్ కౌంట్‌డౌన్ కీబోర్డు ఇంట్రో విని వద్దన్న నోరమే తర్వాత "వాళ్లు నా మాట వినలేదు, మంచిదైంది" అన్న అర్థంలో మాట్లాడాడండీ. మీరు ఆయన కంటే గట్టిగా ఆయన తరఫున పోట్లాడుతున్నారు.

స్ట్రాట్‌బాబు:
😂😂

పాతటేపు:
ఆయన పెద్దమనసు ఆయనది. నేను రాత్రి మళ్లీ విన్నాను, హెడ్‌ఫోన్స్‌తో. డ్రమ్స్ గురించి బాబు చెప్పింది నిజమే, రేకు డబ్బానే. పియానో కూడా కిట్టు చెప్పినంత బాగుంది. కానీ అది ఆగి గిటార్ పడే చోట మూడుసార్లు వెనక్కి తిప్పాను. నాలుగోసారి ఇంట్లోవాళ్లు వచ్చి టైమెంతయిందని అడిగారు.