ఊరికి వస్తున్న హోమ్‌స్కూల్ పిల్లలకు ఏం చూపించాలి? (అనంతపురం, కర్నూలు, కడప)

ప్రశ్న

అక్కలకూ అన్నలకూ నమస్తే. మాది అనంతపురం. జులైలో టెక్సాస్‌కు వచ్చాం. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు ఆరు. ఇద్దరినీ ఇంట్లోనే చదివిస్తున్నా. మరిది పెళ్లికని జనవరి, ఫిబ్రవరి ఊళ్లోనే ఉంటాం. ఆ రెండు నెలలూ చదువు ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. కోటలు, గుళ్లు, మ్యూజియాలు తిప్పితే అది చదువు కింద లెక్కేనా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు

చెల్లీ, నేను ఇప్పుడు కర్నూల్లో మా అమ్మవాళ్లింట్లోనే కూర్చుని ఇది రాస్తున్నా. మేం డాలస్ వెళ్లి ఎనిమిదేళ్లయింది. ఆరేళ్లుగా పిల్లలకు ఇంట్లోనే చదువు. ప్రతి చలికాలం రెండు నెలలు ఇక్కడికి వస్తాం.

ముందు నీ టెన్షన్ సంగతి. టెక్సాస్‌లో హోమ్‌స్కూల్‌ను ప్రైవేటు బడిగా లెక్కిస్తారు. 1994లో అక్కడి సుప్రీంకోర్టే ఆ మాట ఖాయం చేసింది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, పౌర బాధ్యతలు, ఈ ఐదూ ఒక పద్ధతి ప్రకారం చెప్పాలి. అంతే. హాజరు ఎవరికీ పంపనక్కర్లేదు. పిల్లలు ఒకసారి అక్కడి బడిలో చేరి ఉంటే మాత్రం మానిపిస్తున్నామని ఉత్తరం ఇవ్వాలి. రేపు మీ ఆయన ఉద్యోగం మారి పెన్సిల్వేనియా వెళ్లారనుకో, అక్కడ ఏడాదికి 180 రోజుల చదువు చూపించాలి, పిల్లల పని ఫైలు కట్టి ఉంచాలి. అందుకే ఎక్కడున్నా తేదీ వేసి ఒక నోట్‌బుక్ నడపడం మంచిది. ఊరి ప్రయాణం కూడా అందులోకే వస్తుంది.

ఇక తిరగడం. మొదటి ఏడాది నేను ఒక్క రోజులో ఓర్వకల్లు రాళ్లు, యాగంటి, బెలూం గుహలు పెట్టుకున్నా. సాయంత్రానికి చిన్నది కారులో వాంతి చేసుకుంది, పెద్దదానికి మూడూ కలిసిపోయాయి. ఆ రాత్రే అనుకున్నా, రోజుకు ఒక్క చోటు, ఆ చోట ఒక్క వస్తువు. ఇప్పటికీ అదే పాటిస్తున్నా.

మొదలు ఎర్రగుడితో పెట్టుకో. మీ ఊరి నుంచి గుత్తి దాకా హైవే, అక్కడి నుంచి పత్తికొండ దారి. చిన్న గుట్ట, దాని బండల మీద అశోకుడి శాసనాలు. రెండు వేల రెండు వందల ఏళ్లు దాటిన రాత. పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్నవీ ఒకేచోట ఉన్నాయి. బయల్దేరే ముందు రోజు రాత్రి పిల్లలకు ఆ శాసనాల లిపి బ్రాహ్మి అక్షరాలు నాలుగే నాలుగు నేర్పు. 'క' అంటే కూడిక గుర్తు. 'ఠ' అంటే ఉత్త సున్నా. 'థ' అంటే మధ్యలో చుక్క ఉన్న సున్నా. 'గ' అంటే గుడిసె కప్పు. మా పెద్దది బండ దగ్గర నిలబడి కూడిక గుర్తు వెతుక్కుంటూ, దొరికిన చోటల్లా "క, ఇంకో క" అని అరిచింది. అప్పటికి దానికి ఎనిమిదేళ్లు. రాతను ముట్టుకోనివ్వకు, సుద్దముక్క అసలే వద్దు. గాలిలో వేలితో రాయించు.

ఆ చిన్న శాసనంలో ఒక విచిత్రం ఉంది. కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి నడిస్తే, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. నేను ఫోనులో చూసి చెప్తుంటే మా నాన్న పక్కనే ఉండి విన్నాడు. ముప్పై ఏళ్లు సేద్యం చేసిన మనిషి. "మడక తిప్పినట్టే గదమ్మా. సాలు చివరికి పోయినాక ఎద్దులు మళ్లా ఖాళీగా ఈ కొసకు వస్తాయా? అక్కన్నుంచే ఇంకో సాలు పట్టుకోవల్ల" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఇంటికొచ్చాక పిల్లలిద్దరూ ఇసుకలో పుల్లతో సాలు సాలుగా వాళ్ల పేర్లు రాసుకున్నారు, తాత పక్కన కూర్చుని దిద్దాడు. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లమని నేను గట్టిగా చెప్పేది అందుకే. అమెరికాలో ఎంత పెద్ద మ్యూజియానికి తీసుకెళ్లినా తాత ఉండడు.

రెండోది లేపాక్షి. విజయనగర రాజు అచ్యుతరాయల కాలం నాటి గుడి, విరూపన్న, వీరన్న అన్నదమ్ములు కట్టించారు. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ జరిపి ఫొటో తీసుకుని వచ్చేస్తారు. నువ్వు పైకప్పు మీది రంగుల బొమ్మలు చూపించు. ఒక్కొక్కరి చేతిలో చిన్న అద్దం పెట్టు. తల దించి అద్దంలో చూస్తే మెడ పట్టదు. ఆ బొమ్మల్లో ఆడవాళ్ల చీరల అంచులు చూడు, రకరకాలుగా ఉంటాయి. మా పిల్లల జేజి తన ధర్మవరం చీర కొంగు పట్టుకుని "ఇది ఇక్కడిదే" అని ఒక అంచు చూపించింది. పిల్లలు ఆ అంచులనే నోట్‌బుక్‌లో వేశారు, ఏడు పేజీలు. బయట నంది ఒకే రాయి. పొడవు దాదాపు 27 అడుగులు, ఎత్తు 15. నువ్వు చెప్పకముందే వాళ్లను అడుగులతో కొలవనివ్వు. సగంలో ఆగిపోయిన కల్యాణమండపం కూడా వదలకు. కప్పు లేకుండా స్తంభాలు మాత్రమే నిలబడి ఉన్నాయి. గుడి ఎలా కడతారో తెలియాలంటే పూర్తయిన దానికన్నా ఇది మేలు.

బెలూం ఆరేళ్ల పాపకు వద్దు. లోపల ఉక్క, చెమట. బాబును మాత్రం తీసుకెళ్లు. మొత్తం 3,229 మీటర్ల గుహలో కిలోమీటరున్నర దాకా తిరగనిస్తారు, లోపలి నీటిపాయ పాతాళగంగ దాకా దిగొచ్చు. వెళ్లే ముందు ఇంటి దగ్గర ఒక పని చేయించు. విరిగిన నాపరాయి ముక్క తెచ్చి, గీకి పొడి చేసి, దానిమీద నిమ్మరసం పోయండి. బుడగలు వస్తాయి. నీళ్లలో కలిసిన పులుపు సున్నపురాయిని తినడమంటే ఏమిటో వాడికి అప్పుడు అర్థమవుతుంది. మన ఇళ్లలో గచ్చుకు వేసేదీ, ఆ గుహ ఏర్పడిన రాయీ ఒకే జాతి మరి.

కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. 1820లో కడపలో ఉద్యోగంలో చేరిన తెల్లదొర సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకుని, వేమన పద్యాలు వెతికి 1829లో అచ్చు వేయించాడు, తర్వాత నిఘంటువు రాశాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఈ లైబ్రరీ. మన పిల్లలు తెలుగు ఎందుకని అడిగిన రోజు నేను ఈ కథే చెప్తాను. అక్కడికి వెళ్లిన రోజే భగవాన్ మహావీర్ మ్యూజియం కూడా చూడొచ్చు. సెలవు ఏ రోజో ముందు కనుక్కుని బయల్దేరు.

ఇంకో మాట, అమెరికాలో పుట్టిన పిల్లలున్నవాళ్లకు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్లకు మన దేశం ఇచ్చేది) వెంట ఉంచుకోండి. పురావస్తు శాఖ కట్టడాల దగ్గర మన రేటే తీసుకుంటారు.

మళ్లీ అడిగినది

అక్కా, ఏడుపొచ్చినంత పనయింది, థ్యాంక్స్. మా అత్తమ్మ కూడా వస్తానంటోంది, మోకాళ్ల నొప్పులు. ఎర్రగుడి ఎక్కగలదా?

జవాబు

ఎక్కనివ్వకు చెల్లీ. గుట్ట కింద నీడలో కూర్చోబెట్టి, పిల్లలు రాసుకొచ్చిన అక్షరాలు ఆమెకు చూపించమను. లేపాక్షిలో నడక తక్కువే, అక్కడ బాగా తిరుగుతుంది. ఫిబ్రవరి చివరికి మధ్యాహ్నం బండలు కాలతాయి, గుళ్లో చెప్పులుండవు కాబట్టి అందరికీ సాక్సులు పెట్టుకో. పొద్దున ఉగ్గాని తిని ఏడింటికల్లా బయల్దేరితే ఎండ ముదిరేలోపు చూడటం అయిపోతుంది. పెరుగన్నం డబ్బా కట్టుకో, చిన్నది బయటి తిండి తినకపోవచ్చు.