తామన్ నెగారా అడవిలో రాత్రి బస: వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్తారా?

మాది శ్రీకాకుళం. ఏప్రిల్‌లో నేనూ మా బావా మలేషియాలోని తామన్ నెగారా వెళ్దామనుకుంటున్నాం. గైడ్ అడవి అంచునున్న కువాలా తహాన్ ఊరి నుంచి రెండు రోజుల నడక చెప్తున్నాడు, రాత్రి కెపయాంగ్ గుహలో పడక. నడకకి భయం లేదు, మహేంద్రగిరి ఎక్కినవాళ్లమే.

నా టెన్షన్ అంతా జలగలతోనే. మా పొలాల్లో అవి నీళ్లలో ఉంటాయి. నాట్లప్పుడు పిక్కకి పట్టుకుంటే ఇంత సున్నం రాస్తే ఊడిపోతుంది. అక్కడివి రాలిన ఆకుల మీద నిలబడి, అలికిడికి తలాడిస్తూ, బూటు లేసు కన్నాల్లోంచి కూడా దూరిపోతాయట! జలగల మేజోళ్లు ఇక్కడ దొరకలేదు. అక్కడ కొనుక్కోవచ్చా? లేక మామూలు మేజోళ్లని ఉప్పునీళ్లలో తడిపి వేసుకుంటే ఆగుతాయా?

ఏనుగులు, టాపిర్లు (పొట్టి తొండంతో పందిలా ఉండే జంతువులు) నిజంగా కనిపిస్తాయా, అడుగుజాడలతో సరిపెట్టుకోవాలా? గుహ మానేసి, జంతువుల కోసం కట్టిన మంచె మీద రాత్రంతా కూర్చోవడం నయమా? సీతంపేట వైపు ఏనుగులు పంటలు తొక్కేస్తుంటే డబ్బులిచ్చి చూడ్డానికి పోతున్నారా అని మా అమ్మ ఒకటే నవ్వు.

బావ శాకాహారి. అటుకులు, పప్పులపొడి ఇక్కణ్ణుంచే మోసుకెళ్లాలా?