ఈస్ట్‌కి ఎఫ్‌ఎం 4-64: ఎర్రని అంచు నిలవడం లేదు

వాల్తేరు_బెంచ్:
ప్లాస్మా పొరలో మార్పులు చూడాలని బతికున్న ఈస్ట్‌కి 8 మైక్రోమోలార్ ఎఫ్‌ఎం 4-64 (పొరలకి పట్టి ఎర్రగా వెలిగే రంగు) పెడుతున్నాం, గది వేడిలో 15 నిమిషాలు. స్లైడు ఎక్కించేసరికి అంచు పోయి లోపల చుక్కలు మిగులుతున్నాయి. కొన్ని కణాలైతే నిండా ఎరుపే. రంగు పాడైందంటారా?

రిక్తిక:
రంగు బాగానే ఉంది మాస్టారూ. దాని ఒక కొసన ఆవేశం ఉంది కాబట్టి పొరను దాటలేదు. పొర లోపలికి మడతపడి బుడగైతే దాంతోపాటే వెళ్తుంది. 30 డిగ్రీల్లో అరగంట, గంటలో రిక్తిక (వాక్యూల్, కణం లోపలి పెద్ద సంచి) పొరకి చేరి అక్కడ గుండ్రంగా కనబడుతుంది. మీకు అంచే కావాలంటే చలి తప్పదు. ఓడీ (కల్చర్ ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) 0.5–0.8 ఉన్న కల్చర్ 1 మి.లీ. తీసి మంచులో పెట్టండి. మీడియం, సెంట్రిఫ్యూజ్ రోటర్ కూడా 4 డిగ్రీలకి వచ్చాకే మొదలెట్టండి. రంగుతో మంచులోనే 20 నిమిషాలు ఉంచి, చల్లని సింథటిక్ మీడియంతో రెండుసార్లు కడగండి. వైపీడీ (ఈస్ట్‌ని మామూలుగా పెంచే మీడియం) వద్దు, అది తనే వెలుగుతుంది. స్లైడు, కవర్‌స్లిప్ కూడా చల్లగా ఉండాలి. ఎక్కువమందికి చెడేది అక్కడే.

నిండా ఎర్రబడినవి చచ్చిన కణాలు. పొర చిరిగితే రంగు లోపలి పొరలన్నిటికీ పట్టేస్తుంది. వాటిని లెక్కలోంచి తీసేయండి.

పిపెట్_1000:
స్టాక్ (రంగు గాఢ ద్రావణం) సంగతి కూడా చూసుకోండి. 1 మి.గ్రా. పొడికి 1 మి.లీ. డీఎంఎస్‌ఓ (రంగుని కరిగించే ద్రావకం) పోస్తే సుమారు 1.6 మిల్లీమోలార్. అందులో 1 మైక్రోలీటర్ 200లో వేస్తే మీ 8 వస్తుంది, డీఎంఎస్‌ఓ 0.5 శాతం. డీఎంఎస్‌ఓ తేమని లాగేస్తుంది, మన విశాఖ గాలిలో మరీను. ఫ్రీజర్లోంచి తీసిన ట్యూబు గది వేడికి రాకుండా మూత తీయకండి. 5 మైక్రోలీటర్ల చొప్పున పంచి పెట్టుకుంటే మేలు. ఇంకోటి, డీఎంఎస్‌ఓ 18.5 డిగ్రీలకే గడ్డకడుతుంది. మంచులో ఉన్న కణాల మీద నేరుగా చుక్క వేస్తే రంగు ముద్దలు కణాలకి బయట అంటుకుంటాయి. ముందు మీడియంలో వేసి వర్టెక్స్ చేసి, చల్లార్చి, అప్పుడు కలపండి.

వాల్తేరు_బెంచ్:
రంగు లోపలికి వెళ్లకుండా అజైడ్ వేసి ఆపేస్తే సరిపోదా అండీ?

రిక్తిక:
ఆగుతుంది. సోడియం అజైడ్, సోడియం ఫ్లోరైడ్ చెరో 10 మిల్లీమోలార్ వేస్తారు. కానీ కణానికి శక్తి అందదు, ఇక మీరు చూడాలనుకున్న మార్పూ ఉండదు. ఒక సమయం దగ్గర ఆపి ఫొటో తీయడానికే వాడండి. అజైడ్ విషం. ఆమ్లం తగలనివ్వొద్దు, సింకులో పోయొద్దు.

కడిగాక 30 డిగ్రీలకి మార్చి 0, 5, 15, 30, 60 నిమిషాలకి ఫొటోలు తీస్తే రంగు వెళ్లే దారి మొత్తం కనిపిస్తుంది. 15 డిగ్రీల్లో ఉంచితే మధ్యలోని ఎండోసోములు (రంగుని లోపలికి మోసే బుడగలు) ఎక్కువసేపు దొరుకుతాయి.

పిపెట్_1000:
రంగు వేయని కణాలని అదే ఎక్స్‌పోజర్‌తో తప్పకుండా తీయండి. మీది ఏడీఈ2 మ్యూటెంట్ (అడినిన్ తయారీకి కావలసిన ఆ జన్యువు చెడిన ఈస్ట్) అయితే అడినిన్ తగ్గినప్పుడు దాని సొంత ఎర్రరంగే రిక్తికలో వెలుగుతుంది.