మూడు మీటర్ల స్టాల్‌లోకి మనుషుల్ని రప్పించేదెట్లా?

కలంఇంటి_పిల్ల:
అందరికీ నమస్తే. మాది శ్రీకాళహస్తి. అమ్మ, పిన్ని కలంకారీ వేస్తారు, అమ్మకాలు నేను చూస్తాను. వచ్చే నెల తిరుపతిలో ఒక ఎక్స్‌పోలో స్టాల్ తీసుకున్నాం. మూడు మీటర్లు బై మూడు మీటర్లు, మూడు పక్కలా తెల్ల ప్యానెళ్ళు, ఒక టేబుల్, రెండు కుర్చీలు, మూడు స్పాట్ లైట్లు, ఒక ప్లగ్ పాయింట్, పైన పేరు పట్టీ, అంతే ఇస్తారంట. పోయినసారి వేరే ఊళ్ళో ఇట్లాంటిదే పెట్టి చేతులు కాల్చుకున్నాం. అరవై దాకా చీరలు, దుపట్టాలు గోడలకి ఒకదానిమీద ఒకటి తగిలించి, టేబుల్ ముందర వేసుకుని దాని వెనక నేనూ పిన్నీ కూర్చున్నాం. మూడు రోజుల్లో జనం మమ్మల్ని ఎక్కువగా అడిగింది "బాత్రూం ఎటు?" అని. ఎదురుగా మిషన్ ప్రింట్ అమ్మే ఆయనకి మాత్రం అన్నం తినే టైం కూడా లేదు. ఈసారి ఖర్చు మహా అయితే పదివేలు పెట్టగలం. ఏం మార్చాలి?

ప్యానెల్_మేస్త్రి:
ముందు ఆ టేబుల్ అక్కడినుంచి తీసెయ్ చెల్లీ. నేను తిరుపతిలో స్టాళ్ళు కట్టే పనే చేస్తాను, పదిమందిలో ఎనిమిదిమంది చేసే తప్పు ఇదే. ముందర టేబుల్, వెనక ఇద్దరు కూర్చుని చూస్తుంటే, దగ్గరికొస్తే కొనిందాకా వదలరేమో అని జనం రెండడుగులు దూరంగానే పోతారు. టేబుల్ పక్క గోడకి ఆనించి వెయ్, ముందర మొత్తం తెరిచి పెట్టు. వెనక గోడకి అరవై వద్దు, ఒకే ఒక్క పెద్ద పని తగిలించు, జీవవృక్షమో రామాయణమో. దాని పైన, తల ఎత్తులో, "చేత్తో వేసిన శ్రీకాళహస్తి కలంకారీ" అని పెద్ద అక్షరాలు. నడుముకి కింద ఏం రాసినా దండగ, నలుగురు నిలబడితే కనపడదు. పేరు పట్టీని నమ్ముకోవద్దు, అందరికీ ఒకే సైజు అక్షరాలు వేస్తారు. ప్యానెళ్ళకి మేకులు కొట్టనివ్వరు, పైనుంచి వేలాడేసే కొక్కేలు, సన్న గొలుసు తెచ్చుకో. ఇంకొకటి, ఇంటిముందు ముగ్గుపిండితో పదడుగులు బై పదడుగులు గీసి, అందులో సామానంతా పెట్టి చూడు. సగం సామాను నువ్వే లోపలికి తీసుకుపోతావు.

చిత్తూరు_తోతాపురి:
టేబుల్ తీసెయ్ అంటే ఎట్లన్నా? బిల్లు యాడ రాయాల, బట్ట యాడ మడవాల? పక్కకి వేస్తే సరే గానీ పూర్తిగా తీసేస్తే రెండో రోజుకి దుపట్టాలు లెక్క తగ్గుతాయి, మాకు అనుభవమే. మాది మామిడి గుజ్జు. మొదటిసారి ఫ్యాక్టరీ ఫొటోతో ఇంత పెద్ద ఫ్లెక్స్ పెట్టినాం, ఒక్కడు తిరిగి చూడలేదు. మరుసటి రోజు చిన్న పేపర్ కప్పుల్లో గుజ్జు పోసి పెడితే లైన్ కట్టినారు. నీ దగ్గర రుచి చూపించేది ఏముందో ఆలోచించు. తిరుపతి కాబట్టి తమిళంలో కూడా బోర్డు రాయించు, ధరలు ప్రతిదానికీ కనపడాల. ధర అడగడానికి సిగ్గుపడి వెళ్ళిపోయేవాళ్ళు చానామంది.

పట్టు_లైటు:
లైట్ల గురించి ఎవరూ అనలేదు. పసుప్పచ్చ బల్బు కింద మంజిష్ట ఎరుపు, కరక్కాయ పసుపు రెండూ ఒకటే మట్టిరంగుగా కనిపిస్తాయి. 4000 కెల్విన్ (మరీ పసుపూ మరీ నీలమూ కాని తెల్ల వెలుగు) ఎల్‌ఈడీ, సీఆర్‌ఐ (రంగులు ఎంత అసలులా కనిపిస్తాయో చెప్పే కొలత, 100కి) 90 పైన ఉన్నవి రెండు కొనుక్కోండి, బట్ట మీదికి ఏటవాలుగా తిప్పండి, వచ్చేవాళ్ళ కళ్ళలోకి కాదు. వాళ్ళిచ్చేవి హాలోజన్ అయితే బట్టకి దూరంగా ఉంచండి, బాగా వేడెక్కుతాయి.

కలంఇంటి_పిల్ల:
తోతాపురి అన్నా, మీ మాట అమ్మకి చదివి వినిపించా. కలం పట్టుకుని అక్కడే బొమ్మ వేస్తానంటోంది. బెల్లం, తుప్పు ఇనుము పులియబెట్టిన నీళ్ళు కలంలో ఉన్నప్పుడు టీ రంగులో ఉంటాయి, కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద గీత గీయగానే చూస్తుండగానే నల్లబడుతుంది. మాకు రోజూ చూసేదే కదా, దీనికి ఎవరు ఆగుతారు అనుకున్నా. పాల వాసనకి ముక్కు మూసుకుంటారేమో అని కూడా ఉంది.

ప్యానెల్_మేస్త్రి:
అదే పెట్టు, ఇంకేం వద్దు! ఆ గీత నల్లబడేది చూస్తే నేనే ఆగిపోతా. ఎదురు స్టాలాయన ప్రింట్‌కీ నీ పనికీ తేడా నువ్వు నోటితో చెప్పే పని ఉండదు. వాసన వచ్చేది పచ్చి గుడ్డకేగా, ఉతికినవే అమ్మకానికి పెట్టు.

కలంఇంటి_పిల్ల:
ముగ్గుపిండితో గీశాం అన్నా. టేబుల్ పక్కకి వేస్తే లోపల ఆరుగురు నిలబడొచ్చు. ఒకటే చిక్కు, అమ్మ కుర్చీలో కూర్చుని వేయలేదు, చాప మీదే అలవాటు. చాప వేస్తే జనం కాళ్ళు తగులుతాయి.

ప్యానెల్_మేస్త్రి:
అడుగున్నర ఎత్తు చెక్క దిమ్మె వేయించు, దానిమీద చాప. ముందర మూల, నడిచేవాళ్ళ వైపు. అప్పుడు అమ్మ చెయ్యి సరిగ్గా వాళ్ళ కంటికి అందుతుంది. చెక్క నా దగ్గర పాతది ఉంది, ఆటో ఖర్చు పెట్టుకుని తీసుకుపో.