పాండిచ్చేరి బీచ్ రోడ్డు మాదిరి వై.వి. స్ట్రీట్‌లో సాయంత్రం బండ్లు ఆపితే ఏం పోతుంది?

రాళ్ళదారి (కడప):
ఇక్కడ పాండిచ్చేరి పోయొచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నా. అక్కడ సముద్రం ఒడ్డు రోడ్డు మీద సాయంత్రం 6 గంటలకు బారికేడ్లు అడ్డం లాగేస్తారు, మళ్ళీ పొద్దున 7:30 దాకా ఒక్క బండిని రానివ్వరు. గాంధీ విగ్రహం, దాని ఎదురుగా పాత లైట్‌హౌస్, ఇంకాస్త ముందుకు పోతే ఫ్రెంచివాళ్ళ యుద్ధ స్మారకం, కిలోమీటరు పైన ఉన్న రోడ్డంతా మనుషులే. పిల్లల చెయ్యి వదిలేసి నడవొచ్చు. అదే మన కడప బట్టల బజారు వై.వి. స్ట్రీట్‌లో పండగ ముందు సాయంత్రం పిల్లోడి చెయ్యి వదిలి చూడండి. ఒకపక్క హారన్, ఇంకోపక్క బైకు హ్యాండిల్ మోచేతికి తగులుతుంటే షోకేసులో చీర రంగు ఏం చూస్తాం, గుద్దించుకోకుండా బయటపడితే చాలనుకుంటాం. వారమంతా వద్దు, శని ఆదివారాలు సాయంత్రం 5 నుంచి 10 వరకు వీధి లోపలికి కార్లు, బైకులు, ఆటోలు ఆపేస్తే నష్టం ఎవరికి? కారణం చెప్పి కాదనండి, ఊరికే "మన ఊళ్ళో కాదులే" అంటే నేను ఒప్పుకోను.

షట్టర్ దించను (కడప):
నష్టం నాకు తమ్ముడూ. ఆ ఏరియాలో బట్టల అంగడి నాది. నువ్వు చెప్పేది చూడ్డానికొచ్చే జనం గురించి, నాకు కావాల్సింది కొనడానికొచ్చే జనం. రెండూ ఒకటి కాదు. నా బేరం ఎట్లుంటుందో చెబుతా విను. ఊర్లో పెళ్ళి కుదిరితే అమ్మ, అత్త, పిన్నమ్మలు, పెళ్ళికూతురు, ఏమీ మాట్లాడకుండా ఓ మూలన కూర్చునే నాయన, అందరూ కలిసి ఒకే ఆటోలో దిగుతారు. పరుపు మీద కూర్చోబెట్టి కూల్‌డ్రింకులు ఇచ్చి చీరలు విప్పడం మొదలుపెడితే రెండు మూడు గంటలు. అరవై చీరలు విప్పితే పది తీసుకుంటారు, వాటిలో మూడు మళ్ళీ వెనక్కి. చివరికి మూటలు కట్టి అంగడి గడప ముందు ఆటో ఎక్కిస్తాం. రేపట్నించి ఆ మూటలు నెత్తిన పెట్టుకుని వీధి చివరిదాకా నడవండమ్మా అంటే ఆ పెద్దమ్మ ఏమంటుంది? "ఈ తిప్పలు మనకెందుకు, ప్రొద్దుటూరు పోదాం పదండి" అంటుంది. ఇప్పటికే బంగారానికి జిల్లా అంతా ప్రొద్దుటూరే పోతుంది, చేతిలో పని అని బట్టలు కూడా అక్కడే తీసుకుంటున్నారు. మిగిలిన ఆ కాస్త కూడా మేమే బస్సెక్కించి పంపాలా?

ఎర్రకారం:
అన్నా, మీ మాట సరే గానీ, అంగళ్ళ ముందు పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి ఉండే బైకులు ఎవరివి? ఓనర్లవి, స్టాఫ్‌వి. కస్టమర్ బండికి చోటు ఇప్పుడు మాత్రం యాడుంది? ఆ పెద్దమ్మ ఆటో కూడా వీధి మొదట్లోనే ఆగిపోతుంది, లోపలికి రావాలంటే అరగంట.

షట్టర్ దించను:
స్టాఫ్ బండ్ల సంగతి నిజమే. తీయించాల్సిందే. దానికి వీధి మొత్తం మూయక్కర్లేదు.

చిన్నచౌకు చిన్నది (ఇప్పుడు పాండిచ్చేరి):
పుట్టిల్లు కడప, ఉద్యోగం ఇక్కడ, రెండు బజార్లలోనూ సంచులు మోసినదాన్నే. రాళ్ళదారి గారూ, మీరు చెప్పిన టైములు కరెక్టే, ఎర్ర టోపీ పోలీసు నిజంగానే ఆరింటికి బారికేడ్ లాగుతాడు. కానీ మీరు చూపిస్తున్న రోడ్డు బజారు కాదు, షికారు రోడ్డు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సెక్రటేరియట్, కస్టమ్స్ ఆఫీసు, హోటళ్ళు. సాయంత్రానికి ఆఫీసులు మూసేస్తారు. ఒడ్డునే ప్రభుత్వం నడిపే లె కఫే ఉంది, అక్కడ కాఫీ తాగుతారు, అంతే. చీరల మూట మోసుకెళ్ళే మనిషి ఆ రోడ్డులో ఉండడు. పైగా దాన్ని దాటి అవతలికి పోయే పని ఎవరికీ లేదు, అవతల ఉన్నది సముద్రమే కదా. ఆ రోడ్డు మూస్తే బండ్లు దాని వెనకాల సమాంతరంగా పోయే వీధుల్లోకి మళ్ళుతాయి, ఊరంతా గళ్ళ నోటుబుక్కులా నిలువు అడ్డం వీధులే కాబట్టి ఇబ్బంది లేదు.

అసలు బజారు కాలవకి ఇవతల ఉంది. ఊరి మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక కాలవ పోతుంది, సముద్రం వైపు ఫ్రెంచివాళ్ళు కట్టుకున్న భాగం, ఇవతల తమిళుల భాగం. నెహ్రూ స్ట్రీట్, మిషన్ స్ట్రీట్, ఎం.జి. రోడ్డు, గూబెర్ మార్కెట్ అన్నీ ఇవతలే. టూరిస్టులు పసుపు గోడల దగ్గర ఫొటోలు దిగి వెళ్ళిపోతారు కాబట్టి ఇది వాళ్ళకి తెలీదు. సాయంత్రం ఏడింటికి నెహ్రూ స్ట్రీట్‌కి రండి, రెండు పక్కలా బైకులు, మధ్యలో ఇంకా బైకులు, బట్టలషాపు పిల్లలు గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టి పిలుస్తుంటారు, మీకు వై.వి. స్ట్రీట్‌లో ఉన్నట్టే ఉంటుంది. షాపింగ్ వీధిని మూసి చూపించమంటే పాండిచ్చేరి ఉదాహరణ మీకు పనికిరాదు.

అయితే షట్టర్ అన్నా, మీ వైపు కూడా పూర్తిగా రాను. గూబెర్ మార్కెట్ లోపలి సందుల్లో బండి పట్టదు. నెహ్రూ స్ట్రీట్ వైపు నుంచి దూరితే ముందు పూలు, కూరగాయలు, మధ్యలో గడియారం స్తంభం, ఇంకా లోపలికి పోతే చేపలమ్మే ఆడవాళ్ళు, నేలంతా తడి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడవాలి. అయినా ఊరు ఊరంతా అక్కడికే పోతుంది. ఎం.జి. రోడ్డులో ఆదివారం సంత కూడా అంతే. మామూలు షాపులు చాలావరకు మూసి ఉండే రోజు కాబట్టి వాటి ముందే బట్టలు, చెప్పులు, గిన్నెలు, పాత పుస్తకాలు పరిచేస్తారు, మనిషి భుజం మనిషికి రాసుకుంటూ పోవడమే, కొనేవాళ్ళకి కొదవ లేదు. సరుకు బాగుండి ధర కుదిరితే జనం నడుస్తారన్నా.

నల్లరేగడి (అనంతపురం):
సముద్రం చూడ్డానికని పాండిచ్చేరి పోవడమే నాకు అర్థం కాదు, ఊరి ముందు అన్నీ నల్లరాళ్ళే, కాళ్ళు పెట్టడానికి ఇసక ఏది సామీ?

చిన్నచౌకు చిన్నది:
ఒకప్పుడు ఉండేది. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన హార్బర్ కట్టాక ఇసక రావడం ఆగిపోయి తీరం కోసుకుపోయింది, ఊరిని కాపాడుకోవడానికి రాళ్ళు పోశారు. తర్వాత సముద్రంలో ఒక దిబ్బ కట్టారు, దానివల్ల ఒక చివర మళ్ళీ ఇసక చేరింది. ఈత కొట్టాలంటే ఊరి బయట వేరే బీచ్‌లు ఉన్నాయి. ఎవరైనా వస్తే చెబుతున్నా, ఇక్కడ కొనాల్సింది అరవిందాశ్రమం వాళ్ళ చేతి కాగితం, విల్లియనూరు మట్టిబొమ్మలు, ఆరోవిల్ అగరొత్తులు. రేట్లు తక్కువేం కాదు, కానీ మన దగ్గర దొరకవు. బట్టలు మాత్రం కడపలోనే తీసుకోండి, షట్టర్ అన్న సంతోషిస్తాడు.

షట్టర్ దించను:
సంతోషించానమ్మా. చూశావా తమ్ముడూ, అక్కడ ఉండే మనిషే చెప్పింది, బజారు మూయలేదని.

రాళ్ళదారి:
మూయలేదు, ఒప్పుకుంటా. కానీ సముద్రం లేని చోట బజార్లు మూసిన ఊళ్ళు ఉన్నాయి కదా. ఢిల్లీ చాందినీ చౌక్‌లో 2021 నుంచి పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బండ్లు నిషేధం. సరుకు దింపుకునేది రాత్రిపూట. చెన్నై టి.నగర్‌లో 2019లో ఫుట్‌పాత్‌లు వెడల్పు చేసి రోడ్డు తగ్గించారు, అక్కడ అమ్మేది కూడా చీరలే. అంత దూరం ఎందుకు, తిరుమల మాడవీధుల్లో మనలో ఎవరైనా బండి అడిగారా?

షట్టర్ దించను:
చాందినీ చౌక్‌లో బైకులు ఇంకా దూరుతూనే ఉన్నాయని పేపర్లలో రాస్తూనే ఉంటారు. టి.నగర్‌లో దాని పక్కనే అంతస్తుల పార్కింగ్ కట్టిచ్చారు, ఆ సంగతి ఎగ్గొట్టావు. తిరుమలలో దేవుడున్నాడు, నా అంగట్లో లేడు. మాకు బేళ్ళు ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి ఎప్పుడొస్తే అప్పుడే దించుకోవాలి, రాత్రి పదకొండింటికి హమాలీలను ఎవరు పిలుచుకొస్తారు, వాళ్ళకి ఎక్కువ కూలి ఎవరిస్తారు?

గడియారం సార్ (రిటైర్డ్):
నాయనా, మీరిద్దరూ బండ్ల గురించే కొట్లాడుతున్నారు. నడవమంటే నడుస్తా, మోకాళ్ళు ఒప్పుకున్నంత దూరం. తర్వాత కూర్చోవాలి. ఎక్కడ కూర్చోవాలి? పాండిచ్చేరిలో సముద్రం వైపు పిట్టగోడ ఉంది, ఎంతసేపైనా కూర్చోవచ్చు, ఎవరూ లెమ్మనరు. మన వీధిలో అంగడి మెట్టు మీద కూర్చుంటే ఏం కావాలి సార్ అని అడుగుతారు. మా ఇంటావిడ బజారుకొచ్చే ముందు మంచినీళ్ళు తాగదు, ఎందుకో ఆడవాళ్ళకి తెలుసు. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేని బజారులో బండ్లు తిరిగినా ఒకటే, తిరక్కపోయినా ఒకటే.

చిన్నచౌకు చిన్నది:
సార్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. మా అమ్మా అంతే. చీర కొనే పనిలో మూడు గంటలు అన్నారే షట్టర్ అన్నా, ఆ మూడు గంటలూ ఆ పెద్దమ్మ ఏం చేస్తుందనుకుంటున్నారు?

వంక గట్టు:
నాదొక వేరే ఐడియా. వై.వి. స్ట్రీట్ జోలికి పోకుండా మన ఊళ్ళో పారే బుగ్గవంక గట్టు మీద నడిచే రోడ్డు పెడితే సరిపోదా? లైట్లు, బెంచీలు, నాలుగు కారం దోశ బండ్లు. మనకీ ఒక బీచ్ రోడ్డు.

ఎర్రకారం:
ముందు ఆ కంపు తగ్గించండి స్వామీ, ముక్కు మూసుకుని కారం దోశ ఎట్లా తింటాం. 2001లో వంక పొంగినప్పుడు ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చినవాళ్ళు ఇప్పటికీ వానంటే టెన్షన్ పడతారు, వాళ్ళకి నీళ్ళ పక్కన షికారంటే సరదాగా ఏమీ ఉండదు. అయినా రాళ్ళదారి అడిగింది బజారు గురించి.

సేమ్యా కప్పు:
ఇంతమంది ఇంత మాట్లాడారు, రంజాన్ ఆఖరి రాత్రుల గురించి ఒక్కరూ అనలేదే! ఆ రోజుల్లో వీధిని ఎవరూ మూయక్కర్లేదు, జనమే మూసేస్తారు. బైకు తోసుకుంటూ పోదామన్నా దారి ఉండదు, దూరంగా యాడో పెట్టేసి నడిచే వస్తాం. మా ఇంట్లో ఆడవాళ్ళు గాజులు, అత్తరు, పిల్లల బట్టలు, చెప్పులు అన్నీ ఆ రాత్రుల్లోనే కొంటారు, సంచులు చేతుల్లో పట్టుకునే తిరుగుతారు. షట్టర్ అన్నా, కోపం తెచ్చుకోకుండా చెప్పండి, ఏడాదిలో మీ గల్లాపెట్టె బాగా నిండేది బండి లోపలికి రాలేని ఆ రాత్రుల్లోనే కదా?

షట్టర్ దించను:
బాగా అడిగావు భాయ్. నిండుతుంది, కాదనను. కానీ పండగకి కొత్తబట్టలు కావాలి కాబట్టి తప్పక వస్తారు. ఆషాఢంలో ఖాళీగా ఉన్న ఆదివారం వీధి మూస్తే ఎవరొస్తారు?

సేమ్యా కప్పు:
ఆషాఢంలో బండ్లు తిరిగినా రారన్నా. అప్పుడు డిస్కౌంట్ బోర్డు పెట్టేది మీరే.

రాళ్ళదారి:
😀 సరే, శని ఆదివారాలు అన్న మాట వెనక్కి తీసుకోను గానీ తగ్గుతా. నెలలో ఒక్క ఆదివారం, 5 నుంచి 9. పెద్దవాళ్ళకి, మూటలకి వీధి ఆ చివర నుంచి ఈ చివరకి రెండు బ్యాటరీ ఆటోలు. సరుకు బండ్లకి మధ్యాహ్నం 3 లోపల. ఇప్పుడేమంటారు?

గడియారం సార్:
మరుగుదొడ్డి.

రాళ్ళదారి:
మరుగుదొడ్డి కూడా సార్, రాసుకున్నా.

షట్టర్ దించను:
ఒక్క ఆదివారమైతే పక్క అంగళ్ళవాళ్ళని అడుగుతా, నా మాట వింటారని గ్యారంటీ లేదు. చిన్నచౌకు అమ్మాయి చెప్పిన ఆ గూబెర్ మార్కెట్‌నే కొత్తగా కడతాం, అందరూ ఒకేసారి ఖాళీ చెయ్యండంటే అక్కడి వ్యాపారులు ఎదురుతిరిగారు, ఎందుకో నాకు బాగా అర్థమైంది. ఒకసారి కస్టమర్ దారి మర్చిపోతే మళ్ళీ రాడు. ఇంతకీ ఒకటి తేల్చు తమ్ముడూ. పల్లెల నుంచి వచ్చే కార్లు, ఆటోలు ఆ నాలుగు గంటలు యాడ నిలబడాలి?

ఎర్రకారం:
దగ్గర్లో ఉన్న స్కూళ్ళ గ్రౌండ్లు ఆదివారం ఖాళీయే కదా.

షట్టర్ దించను:
గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కుని చెప్పు, తర్వాత మాట్లాడదాం.